నాలుగు వందల పన్నెండు వరుసలు

కుడి బొటనవేలితో స్పేస్ బార్‌ని ఏడుసార్లు నొక్కాడు. కర్సరు ఏడు గళ్ళు కుడికి జరిగి, పై వరుసలోని అంకె కింద నిలబడింది. అక్కడ 40 కొట్టాడు. మళ్ళీ నాలుగుసార్లు నొక్కి 12 కొట్టాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, తల కొంచెం పక్కకి వంచి, తెరని పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. పదుల కింద పదులు, ఒకట్ల కింద ఒకట్లు. ఒక్క అంకె కూడా పక్కకి తొంగిచూడటం లేదు. అప్పుడు సేవ్ చేశాడు.

పొద్దున తొమ్మిదీ ఇరవై. సగం కుర్చీల్లోకి ఇంకా మనుషులు రాలేదు. నేల తుడిచిన తడి ఆరకుండానే వచ్చి కూర్చోవడం అతని అలవాటు. పొట్టి మనిషి. భుజాలు ముందుకి వంగిపోయాయి. నెరిసిన జుట్టుకి నూనె రాసి, స్కేలు పెట్టి గీసినట్టు పాపిట తీస్తాడు. కుడి బొటనవేలి పక్కన చింతగింజంత కాయ కాసింది. రాళ్ళు కొట్టేవాడికి అరచేతిలో కాస్తుంది, కుట్టుపని చేసేవాడికి చూపుడువేలికి కాస్తుంది, ఇతనికి ఇక్కడ కాసింది. ఏ పనైనా ఎక్కడో ఒకచోట తన గుర్తు పెట్టే వెళ్తుంది.

ఆ కంపెనీ ఊరికి నీళ్ళు వదిలే యంత్రాలకి ప్రోగ్రాములు రాస్తుంది. నలభై మంది రాస్తారు. అతని వాటాకి వచ్చింది ఒకే ఒక ఫైలు. అందులో ఒకే ఒక పట్టిక. నాలుగు వందల పన్నెండు వరుసలు. ఒక్కో వరుసా ఊళ్ళో ఒక వీధి వాల్వు. వరుసకి ఏడు అంకెలు. వాల్వు నంబరు, తెరవాల్సిన గంట, నిమిషం, ఎన్ని చుట్లు తిప్పాలి, ఎన్ని నిమిషాలు తెరిచి ఉంచాలి, ఏ పంపు నుంచి, వారంలో ఏ రోజు ఆపాలి. ఇరవై మూడేళ్ళుగా అతని ఉద్యోగం అంతా ఆ పట్టికే. కొత్త వీధి పుడితే ఒక వరుస చేరుస్తాడు, పాత పైపు తీసేస్తే ఒక వరుస చెరుపుతాడు. కూతురు మూడో తరగతిలో ఉండగా, మీ నాన్న ఏం చేస్తారని టీచరు అడిగితే, "నీళ్ళు వదుల్తారు" అందట. క్లాసంతా నవ్వారట. ఇంటికొచ్చి ఏడిస్తే, అందులో అబద్ధం ఏముందమ్మా అన్నాడు.

ఆ అంకెల మధ్య ఖాళీలన్నీ చేత్తో కొట్టినవే. అందుకే ఆఫీసులో అతన్ని ఖాళీల బాబాయ్ అంటారు. యంత్రానికి ఆ ఖాళీలతో పని లేదు. అంకెల మధ్య కామా ఉంటే చాలు, పక్కపక్కన పెట్టినా, బారెడు దూరంలో పెట్టినా దానికొకటే. ఖాళీలు మనిషి కోసం. అతను చేరిన మొదటి ఏడాది ఎవరో 40కి బదులు 4 కొట్టారు. ఒక వీధికి పదకొండు రోజులు నాలుగు నిమిషాలే నీళ్ళొచ్చాయి. పైపులు తవ్వారు, పంపులు విప్పారు, తప్పు మాత్రం ఫైల్లో పడుకుని ఉంది. అప్పట్లో ఆ పట్టిక చూసే పెద్దాయన ఇతన్ని పక్కన కూర్చోబెట్టుకుని అంకెలన్నీ నిలువునా సర్దించాడు. "చదివితే తప్పు దొరకదురా, చూస్తే దొరుకుతుంది. గోడ ఒరిగితే ఇటుకలు లెక్కపెట్టుకుంటావా?" అన్నాడు. ఆయన రిటైరై, పోయి కూడా చాన్నాళ్ళైంది.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు అతను పట్టికని పైనుంచి కిందిదాకా ఒకసారి దొర్లిస్తాడు. నాలుగు నిమిషాల పని. అంకె తగ్గినా పెరిగినా అక్కడ చిన్న బుడిపె లేస్తుంది, కన్ను దానంతటదే ఆగుతుంది. ఇరవై మూడేళ్ళలో అలా ముప్పై ఒక్క తప్పులు పట్టాడు. అందులో తొమ్మిది, వీధుల్ని ఎండగట్టేవి. ఆ సంగతి ఎవరికీ తెలియదు. నీళ్ళు రాకపోతే జనం అరుస్తారు గానీ వచ్చినందుకు ఎవరు అరుస్తారు? నాణ్యమైన సరుకు అమ్మినవాడి దగ్గరికి ఎవరూ తిరిగొచ్చి మాట్లాడరు. అతని ఉద్యోగం మొత్తం అలాంటి వ్యాపారమే.

ప్రోగ్రాములు రాసుకునే ఎడిటరులో ఫార్మాటర్ అనేది ఒకటి ఉంటుంది. సేవ్ కొట్టగానే కోడ్‌ని దాని రూలు ప్రకారం సర్దుతుంది. ఎక్కడ లైను విరవాలో, ఎక్కడ జాగా వదలాలో అదే తేలుస్తుంది. రెండు ఖాళీలు కనిపిస్తే ఒకటి మింగేస్తుంది. అతను తన ఎడిటరులో దాన్ని ఎప్పుడో ఆపేసుకున్నాడు. పక్కవాళ్ళ ఎడిటర్లు పొరపాటున తన ఫైలు మీద చెయ్యి వేస్తాయేమోనని పట్టికకి పైన 'ఫార్మాటర్ ఆఫ్' అనీ, కింద 'ఫార్మాటర్ ఆన్' అనీ రెండు లైన్లు రాసి పెట్టాడు. ఆ రెండు లైన్లూ గొళ్ళెంలా పట్టికని కాపాడుతూ వచ్చాయి.

పదింటికి అందరూ నిలబడి మాట్లాడుకునే సమావేశం. కొత్త టీమ్ లీడ్ ముప్పై రెండేళ్ళవాడు, మంచివాడే. ఎవరినీ గట్టిగా అనడు. కాగితం చూడకుండా చెప్పాడు.

"ఇవాళ మూడింటికి మొత్తం కోడ్‌ని ఒకేసారి ఫార్మాట్ చేసేస్తున్నాం. ఆ తర్వాత ఎవరు సేవ్ కొట్టినా ఎడిటరే సర్దేస్తుంది. ఎవరిష్టం వాళ్ళది అనేది ఇక లేదు."

"మా ఇంట్లో కూడా ఒకటి పెట్టించండి బాబూ, పుణ్యముంటుంది" అంది టెస్టరమ్మ. ప్రోగ్రాములు ఊళ్ళోకి వెళ్ళేముందు వాటిని నమూనా వాల్వుల మీద పరీక్షించే పని ఆవిడది. "మా ఆయన చొక్కా విప్పి పడేసిన ప్రతిసారీ దానంతటదే మడతపడిపోతుంది."

అందరూ నవ్వారు.

"ఆఫ్, ఆన్ అని రాసుకున్నవి కూడా తీసేస్తున్నాం" అన్నాడు లీడ్. "మనలో ఒకాయన ఫైలు మొదట్లో ఆఫ్ రాసి, ఆన్ రాయడం మర్చిపోయాడు. రెండేళ్ళు. కింద పదకొండు వేల లైన్లు, చూస్తే కళ్ళు తిరుగుతాయి."

అందరూ పొడుగాయన వైపు చూశారు. పొడుగాయన ఫ్యాన్ వైపు చూశాడు.

ఖాళీల బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. ఆ సమావేశాల్లో అతను మాట్లాడింది తక్కువ. అందుకని అందరూ తిరిగి చూశారు. చూసేసరికి చెప్పాలనుకున్న నాలుగు మాటల్లో రెండు పోయాయి.

"నా పట్టిక..." అన్నాడు. "అది నిలువుగా ఉంటేనే కనపడుతుంది."

"తెలుసు బాబాయ్. మీదొక్కటీ వదిలేద్దాం" అన్నాడు లీడ్ వెంటనే. "వదిలెయ్యాల్సిన ఫైళ్ళ జాబితా ఉంది కదా, అందులో మీ ఫైలు పేరు రాసెయ్యండి. నేనేం అనను. కానీ మూడింటిలోపల రాయండి. తర్వాత ఆ జాబితా పైవాళ్ళు మూసేస్తారు."

"ఎక్కడుంటుంది?"

"ఫోల్డర్‌లోనే. పేరు చుక్కతో మొదలయ్యే ఫైలు." అంతలో లీడ్ ఫోను మోగింది. చెవికి పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఏ ఫోల్డర్‌లో అని అడగాల్సింది. రెండోసారి అడగడం అతనికి చేతకాదు. చిన్నప్పుడు బళ్ళో అర్థం కానిది ఒకసారి అడిగి, అప్పటికీ అర్థం కాకపోతే తలూపేవాడు. పదేళ్ళ కిందట పై హోదాకి పేరు పంపుతామన్న మేనేజరు మర్చిపోతే, గుర్తు చేయలేదు. పెళ్ళిచూపుల్లో అమ్మాయి చెప్పిన మాట వినపడక ఊఁ అన్నాడు. ఏమన్నావని పెళ్ళైన నాలుగేళ్ళకి అడిగితే, "నాకు ఉద్యోగం మానడం ఇష్టం లేదన్నాను, మీరు ఊఁ అన్నారు, అందుకే ఒప్పుకున్నాను" అంది. ఆ ఒక్క బేరం కలిసొచ్చింది. మిగతావి అన్నీ తరుగే.

తన బల్ల దగ్గరికొచ్చి పట్టిక ఉన్న ఫోల్డర్ తెరిచాడు. చుక్కతో మొదలయ్యే ఫైలు ఒకటి కనిపించింది. ఎప్పటిదో, ఎవరు పెట్టారో. లోపల ఏమీ లేదు. మొదటి లైనులో తన ఫైలు పేరు రాశాడు. అక్షరం అక్షరం రెండుసార్లు సరిచూసుకున్నాడు. సేవ్ చేసి, అందరి కోడూ ఉండే సర్వర్‌కి పంపించాడు. టైము పదీ నలభై. లోపల ఏదో బరువు దిగినట్టయింది. ఆ ఆఫీసులో అతను తన కోసమని నోరు తెరిచి అడిగింది ఇదే మొదలు, అదీ ఒక్కమాటకే ఇచ్చేశారు.

మధ్యాహ్నం డబ్బాల దగ్గర టెస్టరమ్మ ఎదురుగా కూర్చుంది.

"ఏంటన్నయ్యా, ఇవాళ రెండు ముద్దలు ఎక్కువ తింటున్నావు?"

"జాబితాలో రాసేశాను."

"లీడ్‌కి చూపించావా?"

"రాయమన్నాడుగా."

"రాయమన్నాడు సరే, రాసింది చూశాడా? ఒకసారి చూపిస్తే నీ సొమ్మేం పోయింది?"

"వాళ్ళకి బోలెడు పనులమ్మా."

"అవున్లే, నీకొక్కడికే పన్లేదు" అంది ఆవిడ, డబ్బా మూత బిగిస్తూ.

మెట్లెక్కి పైకొస్తూ రెండో మలుపులో ఆగాడు. ఈమధ్య అక్కడ ఆగుతున్నాడు. గోడకి చెయ్యి ఆనించి, ఆయాసం సర్దుకున్నాక మళ్ళీ ఎక్కాడు. లీడ్ గది తలుపు తెరిచే ఉంది. లోపల ఇద్దరితో మాట్లాడుతున్నాడు. ఇతను గుమ్మం దాకా వెళ్ళి, ఒక్క క్షణం నిలబడి, తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

మూడింటికి లీడ్ తన కంప్యూటరులో ఒక్క లైను కొట్టి ఎంటర్ నొక్కాడు. తెర మీద ఫైళ్ళ పేర్లు చూపుకి అందనంత వేగంగా పైకి పరుగెత్తాయి. నలభై మంది ఇరవై ఏళ్ళకి పైగా రాసింది సర్దడానికి యాభై రెండు సెకన్లు పట్టింది. ఎవరో చప్పట్లు కొట్టారు. పొడుగాయన "నా పాపాలన్నీ కడిగేసింది" అన్నాడు.

మూడుంబావుకి అతను కొత్త కోడ్‌ని తన కంప్యూటరులోకి దించుకున్నాడు. ఫైలు తెరిచాడు.

ముందు వేరే ఫైలు తెరిచాననుకున్నాడు. అంకెలన్నీ ఎడమవైపు గోడకి తోసినట్టు ఒరిగి ఉన్నాయి. ఒక వరుస పొట్టి, ఒకటి పొడుగు. పదుల కింద ఒకట్లు, ఒకట్ల కింద కామాలు. ప్రతి ఇరవై వరుసలకీ తలకట్టుగా రాసిన గంట, నిమిషం, చుట్లు అన్న మాటలు కూడా ఒక మూలకి చేరి ముద్దగా పడున్నాయి. పైనుంచి కిందికి దొర్లించాడు. ఎక్కడా కన్ను ఆగలేదు. ఆగడానికి బుడిపె అనేది వేరే ఉంటే కదా, అంతా బుడిపెలే.

ఎడమ అంచున సన్నటి పట్టీ ఒకటి ఉంటుంది. ఏ వరుసని చివరిసారి ఎవరు ముట్టుకున్నారో పేరూ తేదీ చూపిస్తుంది. పొద్దుటి దాకా అక్కడ అతని పేరే, ఇరవై మూడేళ్ళ తేదీలతో, ఒకదాని కింద ఒకటి ఉండేది. మధ్యమధ్యలో పద్నాలుగు చోట్ల పెద్దాయన పేరు. నిలువునా సర్దిన రోజు ఆయన తనే కొట్టి చూపించిన ఆ పద్నాలుగు వరుసలూ ఎన్నడూ మార్చాల్సిన అవసరం రాలేదు, అందుకని ఆయన పేరు అలాగే ఉండిపోయింది. దొర్లించేటప్పుడు ఆ పేరు దగ్గర అతని వేలు కొంచెం నెమ్మదించేది. ఇప్పుడు నాలుగు వందల పన్నెండు వరుసలకీ ఒకటే పేరు, లీడ్‌ది. ఒకటే తేదీ, ఇవాళ్టిది.

లేచి వెళ్ళాడు. లీడ్ వచ్చి, అతని కుర్చీ వెనక వంగి చూశాడు. ఫోల్డర్లు తెరిచాడు.

"అయ్యో బాబాయ్, ఈ జాబితాలో రాశారా? ఇది మీ ఫోల్డర్‌ది. నేను పైనున్న పెద్ద ఫోల్డర్ నుంచి నడిపాను. అది అక్కడున్న జాబితా ఒక్కటే చూస్తుంది."

"పాతది వెనక్కి తెచ్చుకోవచ్చుగా?"

"తెచ్చుకోవచ్చు. కానీ సర్వర్ తీసుకోదు. సర్దని ఫైలొస్తే ఇవాళ్టి నుంచి గేటు దగ్గరే తిప్పి పంపేస్తుంది." లీడ్ నిజంగానే నొచ్చుకున్నాడు. "జాబితా మూసేశారు. మళ్ళీ తెరవాలంటే పైన కమిటీకి రాయాలి. వాళ్ళు మూడు నెలలకోసారి కూర్చుంటారు. నేను రాస్తాను, సరేనా?"

"మూడు నెలలు."

"యంత్రానికి తేడా ఏం లేదు బాబాయ్. నీళ్ళు ఎలా వచ్చేవో అలాగే వస్తాయి. పోయినవి ఖాళీలే కదా."

అది నిజమే. ఎలా లెక్కేసినా అది నిజమే. ఒక్క అంకె మారలేదు, ఒక్క వాల్వు ఆగలేదు. పోయినదాన్ని తూకం వెయ్యమంటే ఏ త్రాసులో వెయ్యాలో అతనికి తోచలేదు. తలూపాడు.

లీడ్ వెళ్ళాక మొదటి వరుస దగ్గర కర్సరు పెట్టి స్పేస్ బార్ నొక్కడం మొదలుపెట్టాడు. ఇరవై వరుసలు నిలబెట్టడానికి పదమూడు నిమిషాలు పట్టింది. నిలబడ్డాయి. సేవ్ కొట్టాడు. కొట్టిన మరుక్షణం ఇరవై వరుసలూ ఒక్కసారిగా ఎడమవైపుకి కూలబడ్డాయి. తన ఎడిటరులో ఫార్మాటర్ ఆపే ఉంది, చూసుకున్నాడు. ఆపే ఉంది. కానీ కోడ్‌తోపాటు దిగిన కొత్త సెట్టింగులు అతని సెట్టింగుని పక్కకి నెట్టేశాయి. రెండోసారి ఐదు వరుసలే నిలబెట్టి సేవ్ కొట్టాడు. కూలాయి. మూడోసారి ఒక్క వరుస. నిలబెట్టి, సేవ్ కొట్టకుండా చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత కొట్టాడు.

నాలుగున్నరకి నీటి విభాగం నుంచి రోజూ వచ్చే ఉత్తరం వచ్చింది. ఇవాళ ఒకటే మార్పు. 231వ వాల్వు, వీధి చివరి ఇళ్ళకి నీళ్ళు అందడం లేదు, తెరిచి ఉంచే సమయం 16 నిమిషాల నుంచి 26 నిమిషాలకి పెంచండి. ఆరింటికి ప్రోగ్రాము ఊళ్ళోకి వెళ్తుంది.

231 వెతికి పట్టుకున్నాడు. 231, 5, 40, 16, 16, 3, 0. పదహారు రెండుసార్లుంది. ఒకటి చుట్లు, ఒకటి నిమిషాలు. పొద్దుటి దాకా దేనికి అదే తన నిలువులో, పైన తన తలకట్టు కింద ఉండేది. చూపుడువేలు తెర మీద పెట్టి ఎడమ నుంచి లెక్కపెట్టాడు. నంబరు, గంట, నిమిషం. మూడో అంకె దగ్గరికొచ్చేసరికి "నిమిషం" అనుకున్నాడు, ఆ మాట దగ్గర వేలు తడబడింది. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. కళ్ళు చెమ్మగిల్లి అంకెలు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. మొదటి 16ని 26 చేశాడు. సేవ్ కొట్టాడు. వెనక్కి వాలి, పైనుంచి కిందికి చూశాడు. చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే.

టెస్టరమ్మ పరీక్షల్లో అన్నిటికీ పచ్చగుర్తు వచ్చింది. ముప్పై చుట్ల దాకా ఏ వాల్వుకైనా ఒప్పుకుంటుంది పరీక్ష.

"అంతా బాగుంది అన్నయ్యా, పంపించేస్తున్నాను" అంది. ఆగి అతని మొహం చూసింది. "ఏంటలా ఉన్నావు?"

"కనపడటం లేదమ్మా."

అటుగా వెళ్తున్న లీడ్ ఆ మాట విన్నాడు. "ఒకసారి కళ్ళు చూపించుకోండి బాబాయ్. కళ్ళజోడు మార్చి ఎన్నాళ్ళైంది?"

ఏడేళ్ళైంది. అతను ఆ మాటని గట్టిగా పట్టుకున్నాడు. తప్పు తన కళ్ళదైతే దానికి మందుంది. మంచి అద్దాలు వేయించుకుంటే ఒరిగిన వరుసల్ని కూడా ఒక్కొక్కటీ చదవొచ్చు. నాలుగు నిమిషాల పని నాలుగు గంటలైనా సరే, మూడు నెలలు గడుపుకోవచ్చు.

కళ్ళజోళ్ళ కొట్టు బస్టాపు ఎదురుగానే ఉంది. ఇరుకు గది. గోడలకి అద్దాలు, అద్దాల్లో వందలాది ఖాళీ ఫ్రేములు. కొట్టాయన అతన్ని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఇనప చట్రం తగిలించి, అందులో అద్దాలు మార్చి మార్చి పెట్టాడు.

"ఇప్పుడు? ఇది బాగుందా, అది బాగుందా?"

"అదే."

"మళ్ళీ చూడండి. మొహమాటపడకండి, అద్దం నాది, కళ్ళు మీవి."

"ఇదే."

"చిట్టచివరి వరుస చదవండి."

చదివాడు. ఒకటి తప్ప అన్నీ సరిగ్గా చెప్పాడు.

"ఏం పని చేస్తుంటారండీ?"

"అంకెలు చూస్తుంటాను. ఇన్నాళ్ళూ ఎడంగా ఉండేవి, ఇవాళ్టి నుంచి దగ్గర దగ్గరగా చేసేశారు. కనపడేలా ఇస్తారా?"

కొట్టాయన నవ్వాడు. "అద్దం పెద్దవి చేస్తుంది గానీ ఎడం చెయ్యదండీ. అయినా ఇప్పటికంటే మెరుగే. రేపు సాయంత్రం ఐదింటికి రండి."

సన్నటి నల్ల ఫ్రేము ఒకటి ఎంచుకుని బయటికొచ్చాడు. బస్సు వస్తోంది. దాన్ని పోనిచ్చి, మళ్ళీ కొట్టు మెట్టెక్కాడు.

"ఐదింటికి తప్పకుండా అయిపోతాయిగా?"

"అయిపోతాయండీ. చెప్పానుగా."

"నాకు పని ఉంది వాటితో."

"నాలుగున్నరకే పెట్టేస్తాను, సరేనా?"

ఇంటికి చేరేసరికి భార్య ఆసుపత్రి నుంచి వచ్చేసి ఉంది. ఎక్స్‌రే గదిలో పని. మనుషుల్ని కదలకుండా నిలబెట్టడమే ఉద్యోగం అంటుంది ఎప్పుడూ.

"ఏమండీ, ఇంతసేపైంది?"

"కళ్ళజోడుకి ఇచ్చి వచ్చాను."

"నేను మూడేళ్ళ నుంచి మొత్తుకుంటుంటే లేనిది, ఇవాళేం పుట్టింది?"

ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచించాడు. ఖాళీల సంగతి చెప్పాలంటే పట్టిక సంగతి చెప్పాలి, పట్టిక చెప్పాలంటే పెద్దాయన సంగతి. ఇరవై మూడేళ్ళు చెప్పాలి. వంటింట్లో పొయ్యి మీద ఏదో పొంగుతోంది.

"అంకెలు కనపడలేదు" అన్నాడు.

ఆవిడ పొయ్యి తగ్గించి వచ్చి, బొటనవేలితో అతని కింది రెప్ప లాగి చూసింది. "నిప్పుల్లా ఉన్నాయి. రేపు సెలవు పెట్టండి."

"రేపు కుదరదు. మొదటి వరుస నుంచి చదవాలి."

"చదివి?"

"చదవాలి" అన్నాడు మళ్ళీ.

భోజనం చేశాడు. కంచం తనే కడిగాడు. కూతురు ఫోన్ చేస్తే బాగున్నానన్నాడు. పడుకునేముందు చొక్కా వంకెకి తగిలించి, కుట్టు భుజం మధ్యకి వచ్చేలా సరిచేశాడు.

తెల్లవారి ఆరున్నరకి డ్యూటీకి బయల్దేరుతూ ఆవిడ అతన్ని లేపబోయింది. చెయ్యి చల్లగా తగిలింది. పాతికేళ్ళు ఆసుపత్రిలో పని చేసిన మనిషి, రెండోసారి పట్టుకుని చూడాల్సిన అవసరం లేదు. అయినా చూసింది. తర్వాత మంచం అంచున కూర్చుని, ఇవాళ రాలేనని ఆసుపత్రికి ఫోన్ చేసింది.

ఆఫీసులో అందరూ రెండు నిమిషాలు లేచి నిలబడ్డారు. టెస్టరమ్మ మూడో నిమిషం కూడా నిలబడింది. లీడ్ కమిటీకి రాస్తున్న ఉత్తరం సగంలో ఆపేశాడు. రాయడానికి ఇప్పుడు అవసరం ఎవరిది?

నాలుగో రోజు 231వ వాల్వు వీధిలో పైపు రెండు చోట్ల అతుకు విడిచింది. ఇరవై ఆరు చుట్లు తిప్పిన వాల్వు నుంచి వచ్చిన నీటి జోరుని ఆ పాత పైపు మోయలేకపోయింది. పల్లంలో ఉన్న ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. మెరకన ఉన్న చివరి ఇళ్ళకి ఎప్పటిలాగే చుక్క రాలేదు. ముందు రోడ్డు తవ్వారు, తర్వాత ఫైలు తెరిచారు. పట్టిక అంతటా లీడ్ పేరు. 231వ వరుసకి మాత్రం ఖాళీల బాబాయ్ పేరు.

"పాపం, కళ్ళు కనపడటం లేదన్నాడు" అన్నాడు పొడుగాయన.

టెస్టరమ్మ ఏదో అనబోయి, పచ్చగుర్తు పెట్టింది తనే అన్నది గుర్తొచ్చి తన బల్ల వైపు తిరిగిపోయింది. లీడ్ ఆ వరుసని సరిచేసి సేవ్ కొట్టాడు. సరిచేసినవాడి పేరు అక్కడికి వచ్చింది. దాంతో ఆ ఫైల్లో అతను రాసినట్టు ఒక్క వరుస కూడా మిగల్లేదు. నీళ్ళు మామూలుగా వస్తున్నాయి.

కళ్ళజోళ్ళ కొట్టాయన మాట ప్రకారం చెప్పిన రోజు నాలుగున్నరకే జోడు సిద్ధం చేశాడు. వారం చూశాడు. రెండుసార్లు ఫోన్ చేశాడు, అవతల ఎవరూ తియ్యలేదు. ఫ్రేము వేరేవాళ్ళకి పనికొస్తుంది గానీ, ఆ కళ్ళకని అరగదీసిన అద్దాలు ఇంకెవరి కళ్ళకీ పనికిరావు. మెత్తటి గుడ్డతో ఇంకోసారి తుడిచి, సన్నటి నల్ల కాళ్ళు రెండూ మడిచి, ఎవరూ తీసుకెళ్ళని జోళ్ళు వేసే కింది సొరుగులో వెల్లకిలా పెట్టాడు.